లీవైస్ జీన్స్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

లీవైస్ అనగానే నేడు మనకు షోరూమ్ అరల్లో మడతపెట్టి ఉంచిన ఖరీదైన ప్యాంటు గుర్తుకు వస్తుంది. అయితే ఇది పుట్టిన తర్వాత సుమారు ఎనభై ఏళ్లపాటు దీన్ని తొడుక్కున్నవారిలో అత్యధికులు కట్టెలు కొట్టేవారు, గనుల్లోకి దిగేవారు, రైలు పట్టాలు వేసేవారు, పశువులను తోలేవారు. వారి పని ఎక్కడ బట్టను చింపిందో అక్కడే ఈ ప్యాంటు మారుతూ వచ్చింది. కాబట్టి ఈ సంస్థ చరిత్రను దాని ప్యాంట్లు తొడిగినవారి, కుట్టినవారి చరిత్రగా చదవడమే సరైనదని నా అభిప్రాయం. కింది సమాధానాలను ఆ దృష్టితోనే రాశాను.

జీన్స్ ప్యాంటును కనిపెట్టినది లీవై స్ట్రాసేనా?

ఆయన ఒక్కరే కాదు. అసలు ఆలోచన ఆయనది కానే కాదు. రాగి రివెట్లు (గుడ్డ పొరలను బిగించే చిన్న లోహపు మేకులు) కొట్టిన పని ప్యాంటును మొదట కుట్టినవాడు నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో కొట్టు పెట్టుకున్న జేకబ్ డేవిస్ అనే దర్జీ. నాటి రష్యా సామ్రాజ్యంలోని రీగా నగరంలో పుట్టి, యువకుడిగా అమెరికా చేరిన డేవిస్, ఎన్నో ఊళ్లు తిరిగి చివరకు కొత్తగా రైలుమార్గం పడిన రీనోలో స్థిరపడ్డాడు. గుడారాలు, బండ్ల మీద కప్పే గుడ్డలు, గుర్రపు దుప్పట్లు కుట్టడం ఆయనకు నిత్యం ఉండే పని. 1870 ముగిసి 1871 మొదలవుతున్న రోజుల్లో కట్టెలు కొట్టే ఒకతని భార్య ఆయన దగ్గరకు వచ్చి, భారీకాయుడైన తన భర్తకు బయట దొరికే ప్యాంట్లు సరిపోవడం లేదని, వీలైనంత గట్టిగా ఒకటి కుట్టిపెట్టమని అడిగి, మూడు డాలర్లు ముందే చేతిలో పెట్టింది. డేవిస్ తెల్లని ముతక కాన్వాసు గుడ్డతో ప్యాంటు కుట్టాడు. పని పూర్తయ్యే వేళకు, గుర్రపు దుప్పట్ల పట్టీలను బిగించడానికి తెచ్చి ఉంచిన రాగి రివెట్లు బల్ల మీద ఆయన కంట పడ్డాయి. వాటిని తీసి జేబుల మూలల్లో కొట్టాడు.

ఆ ప్యాంటు ఎంత కాలం నిలుస్తోందో చూసినవారు తమకూ కావాలని రావడం మొదలుపెట్టారు. ఏడాదిన్నర కాలంలో సుమారు 200 ప్యాంట్లు అమ్ముడయ్యాయి. ఇతరులు తన పద్ధతిని అనుకరిస్తారన్న భయం డేవిస్‌కు పట్టుకుంది. పేటెంటు తీసుకోవాలంటే 68 డాలర్లు కావాలి. అంతకుముందే కొన్ని ఆవిష్కరణల మీద ఖర్చు పెట్టి లాభం చూడని భర్త మళ్లీ అదే దారి పట్టడం భార్యకు ఇష్టం లేదు. అప్పుడు డేవిస్ తాను గుడ్డ తెప్పించుకునే శాన్‌ఫ్రాన్సిస్కో టోకు వ్యాపారికి 1872లో ఉత్తరం రాసి, పేటెంటు ఖర్చు భరిస్తే హక్కులో సగం ఇస్తానని ప్రతిపాదించాడు. ఆ వ్యాపారి లీవై స్ట్రాస్. నమూనాగా డేవిస్ రెండు ప్యాంట్లు కూడా పంపాడు, వాటిలో ఒకటి నీలి డెనిమ్‌తో కుట్టినది.

మరి లీవై స్ట్రాస్ ఎవరు?

ఆయన 1829 ఫిబ్రవరి 26న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, బుటెన్‌హైమ్ అనే చిన్న ఊరిలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి క్షయ వ్యాధితో మరణించాక తల్లితో, అక్కచెల్లెళ్లతో కలిసి న్యూయార్క్ చేరారు. అప్పటికే సవతి అన్నలు అక్కడ బట్టల టోకు వ్యాపారం చేస్తున్నారు. 1853లో అమెరికా పౌరసత్వం పొంది, అదే ఏడాది మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లి, అన్నల సరుకును పశ్చిమ రాష్ట్రాల దుకాణాలకు అందించే వ్యాపారం ప్రారంభించారు. దుప్పట్లు, చేతిరుమాళ్లు, లోదుస్తులు, బట్ట తానులు ఆయన సరుకు. డేవిస్ ఉత్తరం చేరేసరికి ఆ వ్యాపారానికి దాదాపు ఇరవై ఏళ్లు.

దర్జీ ప్రతిపాదనను తోసిపుచ్చకుండా దాని విలువను గుర్తించడం, ఒప్పందం ప్రకారం డేవిస్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు పిలిపించి తయారీ బాధ్యత అప్పగించడం స్ట్రాస్ చేసిన ముఖ్యమైన పనులు. ఇది చిన్న విషయం కాదు. డేవిస్ చేతిలో నైపుణ్యం ఉంది, స్ట్రాస్ చేతిలో పెట్టుబడి, పేరు, సరుకు చేరవేసే దారులు ఉన్నాయి. ఒకరు లేనిదే రెండోవారు ఈ ప్యాంటును రీనో దాటించగలిగేవారు కారు. కానీ పేరు మాత్రం ఒకరిదే మిగిలింది. స్ట్రాస్ పెళ్లి చేసుకోలేదు. 1897లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 28 విద్యార్థి వేతనాలకు నిధులు సమకూర్చారు. 1902 సెప్టెంబరులో ఆయన మరణించాక వ్యాపారం నలుగురు మేనల్లుళ్లకు దక్కింది. డేవిస్ 1908లో మరణించాడు.

బంగారం తవ్వేవారి కోసం గుడారాల గుడ్డతో ప్యాంట్లు కుట్టి అమ్మారన్న కథ నిజమేనా?

నిజం కాదు. కాలిఫోర్నియాలో బంగారం వేట 1848, 1849 సంవత్సరాల్లో ఉద్ధృతమైంది. రివెట్ల ప్యాంటు వచ్చింది 1873లో. ఈ రెండింటి మధ్య పాతికేళ్ల దూరం ఉంది. గుడారాల గుడ్డ అమ్ముడుపోక, దాన్ని ప్యాంట్లుగా మార్చి, తర్వాత దానికి నీలిరంగు వేశారన్నది తర్వాతి కాలంలో అల్లిన కథ. గుడారాలు కుట్టిన అనుభవం ఉన్నది డేవిస్‌కు గానీ స్ట్రాస్‌కు కాదు.

ఈ కథ ఇంత బలంగా నాటుకోవడానికి ఒక కారణం ఉంది. 1906 ఏప్రిల్ 18న వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంలో, ఆ వెంటనే చెలరేగిన మంటల్లో బ్యాటరీ వీధిలోని సంస్థ ప్రధాన కార్యాలయం, దానితోపాటు తొలినాటి లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు, నమూనాలు అన్నీ కాలిపోయాయి. ఖాళీ అయిన ఆ చోటును కథలు నింపాయి. అయితే కట్టెలు కొట్టేవాడి భార్య గురించి, బల్ల మీది రివెట్ల గురించి మనకు తెలిసింది మాత్రం కథల వల్ల కాదు. పేటెంటును అనుకరించినవారి మీద 1874లో వేసిన దావాలో జేకబ్ డేవిస్ స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం కోర్టు దస్త్రాల్లో భద్రంగా మిగిలింది. ఒక దర్జీ ప్రమాణం చేసి చెప్పిన మాటలే ఈ చరిత్రకు అన్నిటికన్నా గట్టి ఆధారం కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

పేటెంటు దేనికి వచ్చింది? ప్యాంటుకా, డెనిమ్‌కా?

రెండింటికీ కాదు. 1873 మే 20న మంజూరైన 139,121 నంబరు పేటెంటు జేబు అంచులను రివెట్లతో బిగించే పద్ధతికి మాత్రమే సంబంధించినది. డెనిమ్ బట్టతో పని దుస్తులు కుట్టడం అప్పటికే అమెరికాలో మామూలు విషయం. ఆ పేటెంటు డేవిస్ పేరున, లీవై స్ట్రాస్ కంపెనీకి భాగం ఉన్నట్టుగా వెలువడింది. నాటి చట్టం ప్రకారం దాని కాలపరిమితి 17 ఏళ్లు. 1890లో అది ముగిసిన తర్వాత రివెట్లు కొట్టుకునే హక్కు అందరిదీ అయింది.

చిన్న రాగి ముక్కకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఒక పాత ప్యాంటును చేతిలోకి తీసుకుని జేబు మూలను చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. జేబులో బరువు వేసినప్పుడు ఆ బరువంతా గుడ్డ మీద సమానంగా పడదు. జేబు నోటికి రెండు కొసల్లో ఉన్న ఒకటి రెండు కుట్ల మీద పడుతుంది. గనిలో పనిచేసేవాడు జేబులో రాతి ముక్కలు, పనిముట్లు వేసుకుంటాడు. పైగా వంగుతూ, మోకరిల్లుతూ, అస్తమానం జేబులో చేయి పెట్టి తీస్తూ ఉంటాడు. మొదటి కుట్టు తెగితే దాని భారం పక్క కుట్టు మీదకు, అది తెగితే ఆ పక్కదాని మీదకు పోతుంది. సాయంత్రానికి జేబు వేలాడుతుంది. రివెట్‌లో రెండు భాగాలుంటాయి. లోపలి నుంచి వచ్చే మొన గుడ్డ పొరలన్నిటినీ తొలుచుకుని బయటకు వస్తుంది, దాని మీద రాగి బిళ్ల పెట్టి కొట్టగానే మొన అణిగి పొరలను పట్టేస్తుంది. ఆపైన బరువు దారం మీద కాక లోహం మీద పడుతుంది.

ఇంత సులువైన ఉపాయం అంతకుముందు ఎవరికీ తట్టకపోవడానికి కారణం, రివెట్లు జీను, పగ్గాల పనివారి దగ్గర, గుడ్డ దర్జీల దగ్గర విడివిడిగా ఉండడమేనని నేను భావిస్తాను. డేవిస్ బల్ల మీద ఆ రెండు వృత్తులూ కలిశాయి.

బట్ట ఎక్కడ నుంచి వచ్చేది?

తొలి దశలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో మాంచెస్టర్ పట్టణంలోని అమోస్కెగ్ మిల్లు నుంచి డెనిమ్ వచ్చేది. 1915 నుంచి నార్త్ కరోలినాకు చెందిన కోన్ మిల్స్ సరఫరా మొదలుపెట్టింది, 1922 నాటికి ఈ ప్యాంట్ల బట్ట మొత్తం వారిదే అయింది. గ్రీన్స్‌బరోలోని వారి వైట్ ఓక్ మిల్లు 1905లో ప్రారంభమై, నూటపన్నెండేళ్లు పనిచేసి, 2017 చివర మూతపడింది. 501 అనే నంబరుతో అమ్మే ఈ ప్యాంటు కోసమే 1927లో ఆ మిల్లువారు 10 ఔన్సుల డెనిమ్‌ను రూపొందించారు. ఇరుకు మగ్గాల మీద నేసిన ఆ బట్టకు తెల్లని అంచులో సన్నని ఎర్ర దారం పోతుంది. ప్యాంటు కాలు మడిచినప్పుడు పక్క కుట్టు దగ్గర కనిపించే ఎర్ర గీత అదే.

ప్యాంటు పైన నీలంగా, లోపల తెల్లగా ఎందుకు ఉంటుంది? ఉతికేకొద్దీ ఎందుకు వెలుస్తుంది?

చేనేత తెలిసినవారికి ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు. పడుగు (నిలువు దారం) నీలిది, పేక (అడ్డ దారం) తెల్లది. ప్రతి పేక దారం ఒక పడుగు మీద నుంచీ, రెండు లేదా మూడు పడుగుల కింద నుంచీ పోయేలా ఏటవాలుగా నేస్తారు కాబట్టి ముఖం వైపు పడుగు నీలమే ఎక్కువగా తేలుతుంది, వెనుక వైపు పేక తెలుపు కనిపిస్తుంది.

వెలవడానికి కారణం నీలిమందు స్వభావం. నూలును తొట్టిలో ముంచి పైకి తీసినప్పుడు అది పసుపు కలిసిన పచ్చగా కనిపించి, గాలి తగిలిన కొద్ది క్షణాల్లో నీలంగా మారుతుంది. ఇలా ముంచడం, గాలికి ఆరబెట్టడం పలుమార్లు చేస్తే రంగు పొరలు పొరలుగా దారం పైభాగాన పేరుకుంటుంది, దారం నడిమధ్య తెల్లగానే ఉండిపోతుంది. మోకాలు, తొడ, జేబు అంచు వంటి రాపిడి తగిలే చోట్ల పై పొర అరిగి లోపలి తెలుపు బయటపడుతుంది. అందువల్ల ఒక మనిషి ఏ పని చేశాడో, ఏ జేబులో ఏం పెట్టుకున్నాడో అతని ప్యాంటు మీద గీతలుగా కనిపిస్తుంది. తొలినాళ్ల బట్టకు ముందుగా కుదింపు ప్రక్రియ ఉండేది కాదు. మొదటి ఉతుకుకే పది శాతం దాకా కుంచించుకుపోయేది కనుక కొనేవారు ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకునేవారు.

501 అనే సంఖ్యకు అర్థం ఏమిటి?

అది సరుకు పట్టీలో ఒక్కో రకాన్ని గుర్తించడానికి ఇచ్చే లాట్ నంబరు. 1890 ప్రాంతంలో ఈ నంబరు వాడుకలోకి వచ్చింది. ఆ అంకెనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పగల కాగితాలు 1906 మంటల్లో పోయాయి.

నడుము పట్టీ మీది రెండు గుర్రాల బొమ్మ కథ ఏమిటి?

ఒక ప్యాంటును చెరోవైపు లాగుతున్న రెండు గుర్రాలు, వాటిని అదిలిస్తున్న ఇద్దరు మనుషులు. 1886లో తోలు ముక్క మీద ముద్రించి కుట్టిన ఈ బొమ్మ చెప్పేది ఒక్కటే, గుర్రాలు లాగినా ఇది చిరగదని. పేటెంటు గడువు కొన్నేళ్లలో ముగియబోతోందని, పోటీదారులు ముంచెత్తుతారని సంస్థకు తెలుసు. అంతేకాక ఆనాటి పశ్చిమ రాష్ట్రాల్లో ఇంగ్లీషు చదవలేని కార్మికులు ఎందరో ఉండేవారు. వారికి కొట్టులో వేలు పెట్టి చూపించడానికి బొమ్మ చాలు. 1950ల మధ్యలో తోలు స్థానంలో తోలులా కనిపించే అట్ట వచ్చింది.

ప్యాంటు రూపం ఎలా మారుతూ వచ్చింది?

మొదటి ప్యాంటుకు నాలుగే జేబులు: ముందు రెండు, గడియారం కోసం ఒక చిన్నది, వెనుక ఒకటి. రెండో వెనుక జేబు 1901లో చేరింది. నేడు ప్రపంచమంతా కుట్టే ఐదు జేబుల అమరిక అక్కడ స్థిరపడింది. బెల్టు లూపులు 1922 దాకా లేవు. భుజాల మీదుగా వేసుకునే సస్పెండర్లను తగిలించడానికి నడుము చుట్టూ గుండీలు, వెనుక బిగించుకోవడానికి చిన్న బకిల్ పట్టీ ఉండేవి.

వెనుక జేబు రివెట్లది వేరే కథ. గుర్రం ఎక్కేవారి జీనునూ, బడి పిల్లల కుర్చీలనూ అవి గీరుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. 1937లో రివెట్లను తీసివేయకుండా జేబు గుడ్డ కిందికి వెళ్లేలా కుట్టారు. అయినా గుడ్డ అరిగాక అవి మళ్లీ బయటపడి గీరేవి. 1960ల మధ్యలో వాటిని పూర్తిగా తొలగించి, దగ్గరదగ్గరగా వేసే గట్టి దారపు కుట్టును పెట్టారు. నాకు ఈ చిన్న మార్పు చాలా విలువైనదిగా తోస్తుంది. కర్మాగారంలో కూర్చున్నవారికి తట్టని లోపాన్ని వాడేవారు చూపించారు, సంస్థ ముప్పై ఏళ్లు తంటాలు పడి దాన్ని సరిదిద్దింది.

రెండో ప్రపంచ యుద్ధం మరికొన్నింటిని మార్చింది. లోహం, దారం పొదుపు చేయాలన్న ప్రభుత్వ నిబంధనల వల్ల గడియారపు జేబు రివెట్లు, కాళ్ల సందున ఉండే రివెట్, వెనుక బకిల్ పట్టీ తొలగిపోయాయి. వెనుక జేబు మీది జంట వంపు కుట్టు అలంకారమే కనుక దానికి దారం వాడరాదన్నారు. సంస్థ దాన్ని వదులుకోలేక, కుట్టుకు బదులు రంగుతో గీయించింది. యుద్ధం ముగిశాక కుట్టు తిరిగి వచ్చింది, సందు రివెట్ మాత్రం రాలేదు. చలిమంట దగ్గర కూర్చున్న యజమానికి ఆ రివెట్ కాలడం వల్లే దాన్ని తీసేశారన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, తొలగింపు జరిగింది యుద్ధకాలపు నిబంధనల కింద. జిప్పు 1954లో 501జెడ్ అనే రకంతో వచ్చింది, అసలు 501కు నేటికీ గుండీలే.

ఎర్ర గుడ్డ ముక్క ఎందుకు పెట్టారు?

ఇతర తయారీదారులూ వెనుక జేబు మీద వంపు కుట్లు వేయసాగారు. దూరం నుంచి చూస్తే ఎవరి ప్యాంటో తెలిసేది కాదు. 1936లో కుడి వెనుక జేబు పక్క కుట్టులో తెల్లని అక్షరాలతో చిన్న ఎర్ర గుడ్డ ముక్కను ఇరికించి కుట్టారు. నేడు అది చట్టరక్షణ ఉన్న వ్యాపార చిహ్నం.

ఈ ప్యాంట్లను కుట్టినదెవరు? వారితో సంస్థ ఎలా నడుచుకుంది?

ఈ ప్రశ్నను దాటవేసే బ్రాండు చరిత్రలే ఎక్కువ కనుక దీనికి కొంత వివరంగా సమాధానం చెప్పాలి.

1882లో అమెరికా ప్రభుత్వం చైనా కార్మికుల వలసను నిషేధిస్తూ చట్టం చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయుల పట్ల ద్వేషం అప్పటికే పరాకాష్ఠకు చేరింది. ఆ కాలంలో లీవై స్ట్రాస్ కంపెనీ తన ప్యాంట్లు తెల్లజాతి కార్మికులు మాత్రమే కుట్టినవని ప్రకటించుకుంది, ఆ మాటను జేబు లోపలి గుడ్డ మీద ముద్రించింది కూడా. పాడుబడిన గనిలో దొరికిన 1880ల నాటి ఒక ప్యాంటును 2022లో వేలం వేస్తే, రుసుములతో కలిపి 87,400 డాలర్లు పలికింది. దాని జేబులో ఆ ముద్ర స్పష్టంగా ఉంది. రైలుమార్గాన్ని కొండల మీదుగా వేసినవారిలో వేలాదిమంది చైనీయులే అన్నది గుర్తు చేసుకుంటే, కార్మికుల కోసం పుట్టిన వస్త్రం మీద కార్మికులనే వెలివేసే ఆ మాట ఎంత అన్యాయమైనదో తెలుస్తుంది. 1890లలో సంస్థ ఆ విధానాన్ని విడిచిపెట్టింది.

దీనికి భిన్నమైన సందర్భాలూ ఉన్నాయి. 1906లో కార్యాలయం కాలిపోయినా ఉద్యోగుల జీతాలు ఆపలేదు. అదే ఏడాది వాలెన్సియా వీధిలో కట్టిన కర్మాగారంలో, 1930ల ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు కుట్టుపని లేకపోయినా మనుషులను తీసివేయకుండా వారిచేత నేలకు చెక్క పరిపించి జీతమిచ్చారు. 1960లో వర్జీనియా రాష్ట్రంలోని బ్లాక్‌స్టోన్ కర్మాగారంలో నల్లజాతివారిని చేర్చుకోవాలని నిర్ణయించినప్పుడు, రెండు జాతుల మధ్య గోడ కట్టాలని, మంచినీటి కుళాయిలు వేరుగా ఉంచాలని స్థానిక పెద్దలు పట్టుబట్టారు. సంస్థ ఒప్పుకోలేదు. జాతుల విభజనను నిషేధించే పౌరహక్కుల చట్టం రావడానికి అది నాలుగేళ్ల ముందు.

1990లో టెక్సస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలోని ఒక కర్మాగారాన్ని మూసి పనిని కోస్టారికాకు తరలించడంతో 1,100 మందికి పైగా ఉపాధి కోల్పోయారు. వారిలో అత్యధికులు మెక్సికన్ మూలాలున్న స్త్రీలు. వారు ఫుయెర్జా ఉనీడా అనే సంఘంగా ఏర్పడి ఏళ్ల తరబడి పోరాడారు. 1991లో సంస్థ తన విదేశీ సరఫరాదారుల కోసం పని పరిస్థితుల నియమావళిని ప్రకటించింది, పెద్ద బహుళజాతి సంస్థల్లో అలాంటి వాటికి అది మార్గదర్శకమైంది. మంచి పనే. అయితే అమెరికాలో కర్మాగారాల మూసివేత మాత్రం ఆగలేదు. 1997, 1999 సంవత్సరాల్లో వేలాదిమందిని తొలగించారు. 2002లో వాలెన్సియా వీధి కర్మాగారం, 2003 ముగిసేసరికి అమెరికాలో మిగిలిన సొంత కర్మాగారాలు మూతపడ్డాయి.

ఆడవారికి జీన్స్ ఎప్పుడు వచ్చాయి?

లేడీ లీవైస్ పేరుతో 701 నంబరు ప్యాంటు 1934లో వచ్చింది. అంతకుముందు పశువుల క్షేత్రాల్లో పనిచేసే స్త్రీలు భర్తల, అన్నదమ్ముల ప్యాంట్లే తొడుక్కునేవారు.

పని దుస్తులు ఫ్యాషన్‌గా ఎలా మారాయి?

ఒక్క రోజులో జరిగిన మార్పు కాదది. 1930లలో తూర్పు నగరాల సంపన్నులు సెలవులకు పశ్చిమాన ఉన్న పశువుల క్షేత్రాలకు వెళ్లి, కౌబాయ్‌ల దుస్తులు కొనుక్కుని ఇళ్లకు తెచ్చుకోవడం మొదలైంది. యుద్ధం తర్వాత సినిమాల్లో తిరుగుబాటు యువకులు ఈ ప్యాంట్లు తొడగడంతో కుర్రవాళ్లు వాటి వెంట పడ్డారు, 1950లలో అనేక పాఠశాలలు డెనిమ్‌ను నిషేధించాయి. 1951లో ప్రసిద్ధ గాయకుడు బింగ్ క్రాస్బీ డెనిమ్ దుస్తుల్లో వెళ్లగా కెనడాలోని వాంకూవర్‌లో ఒక హోటల్‌వారు గది ఇవ్వడానికి తటపటాయించారు. సంగతి తెలిసిన సంస్థ ఆయన కోసం డెనిమ్‌తోనే విందుల్లో వేసుకునే కోటు కుట్టించి నెవాడాలో బహూకరించింది. అప్పటిదాకా నడుము ఓవరాల్స్ అని ప్రకటించుకున్న సంస్థ, యువత పిలుపును అంగీకరించి 1960లో జీన్స్ అనే పేరును ప్రకటనల్లో వాడింది. 1960లలో వచ్చిన పొట్టి డెనిమ్ జాకెట్ నేటికీ అమ్ముడవుతోంది.

లీ, రాంగ్లర్, కార్‌హార్ట్ సంస్థలకూ దీనికీ సంబంధం ఉందా?

లేదు, అవి పోటీ సంస్థలు. లీ 1889లో కాన్సస్‌లో ఆహార సరుకుల టోకు వ్యాపారంగా మొదలై తర్వాత పని దుస్తుల్లోకి వచ్చింది. కార్‌హార్ట్ అదే ఏడాది డెట్రాయిట్‌లో రైల్వే కార్మికుల ఓవరాల్స్‌తో ప్రారంభమైంది. రాంగ్లర్ జీన్స్‌ను బ్లూ బెల్ సంస్థ 1947లో గుర్రపు స్వారీ చేసేవారి కోసం తెచ్చింది.

ఇప్పుడు ఈ సంస్థ ఎవరిది?

స్ట్రాస్ మేనల్లుళ్ల తర్వాత వారి ఇంటి అల్లుడు వాల్టర్ హాస్ 1928లో అధ్యక్షుడయ్యారు. ఆ కుటుంబం 1971లో వాటాలను మార్కెట్‌కు తెచ్చి, 1985లో తిరిగి కొనుక్కుని, 2019లో మళ్లీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదు చేసింది. నియంత్రణ నేటికీ వారసులదే.

ఈ చరిత్రలో మన ప్రాంతానికి ఏమైనా చోటు ఉందా?

నీలిరంగు ద్వారా ఉంది. 1873లో డెనిమ్‌కు వాడినది మొక్కల నుంచి తీసిన నీలిమందే. ఆ శతాబ్దంలో ప్రపంచ విపణికి నీలిమందు పంపిన దేశాల్లో మనది అగ్రస్థానం. బెంగాల్, బీహార్‌లతోపాటు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లో రైతులు నీలిని విస్తారంగా సాగుచేసేవారు. ఫలానా జిల్లా నీలి ఫలానా ప్యాంటులో ఉందని చెప్పడం మాత్రం తగదు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చాక మన సాగు కొన్నేళ్లలోనే కుప్పకూలింది. లీవైస్ షోరూములు మన దేశంలోకి వచ్చినది ఆర్థిక సంస్కరణల తర్వాత, 1990లలో. అప్పటికే అహ్మదాబాద్‌లో అరవింద్ మిల్స్ పెద్ద ఎత్తున డెనిమ్ నేస్తోంది.

ముందుగానే వెలిసిన, అరిగిన ప్యాంట్లను ఎలా తయారుచేస్తారు?

రాళ్లతో కలిపి ఉతకడం, గరుకు కాగితంతో రుద్దడం, రసాయనాలు చల్లడం వంటి పద్ధతులు ఉన్నాయి. వీటిలో అత్యంత ప్రమాదకరమైనది గొట్టంతో ఇసుకను వేగంగా చిమ్మడం. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే నయం కాని జబ్బు తెస్తుంది. టర్కీలోని చిన్న కార్ఖానాల్లో యువకులు ఈ జబ్బుతో చనిపోవడం బయటపడి, 2009లో ఆ దేశం ఈ పద్ధతిని నిషేధించింది. 2010లో లీవైస్ కూడా తన సరఫరాదారులందరి వద్ద దీన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. ఇటీవలి ఏళ్లలో ఈ పని చాలావరకు లేజర్ యంత్రాలతో చేస్తున్నారు. చౌకగా దొరికే పేరులేని జీన్స్ మీద ఈ తెల్లని మచ్చలు చూసినప్పుడు, అవి ఎలా వచ్చాయని అమ్మేవారిని అడగడం కొనేవారి బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతాను.

పాత లీవైస్ దొరికితే దాని వయసు ఎలా అంచనా వేయాలి?

ముందుగా ఎర్ర ముక్క చూడండి. పేరులోని అక్షరాలన్నీ పెద్దవైతే, ముఖ్యంగా రెండో అక్షరమైన ఇంగ్లీషు 'E' పెద్దదిగా ఉంటే అది 1971కి ముందుది, ఆ అక్షరం చిన్నదైతే తర్వాతది. తర్వాత వెనుక జేబును లోపలి నుంచి తడిమి చూడండి. బయట కనిపించని రివెట్లు లోపల తగిలితే అది 1937కూ 1960ల మధ్యకాలానికీ నడుమ కుట్టినది. నడుము మీది ముక్క నిజమైన తోలైతే 1950ల మధ్యకు ముందుది కావచ్చు. కాలు మడిచి చూసినప్పుడు ఎర్ర గీత అంచు ఉంటే సాధారణంగా 1980ల మధ్యకు ముందుది. లోపల ఉతికే సూచనల చీటీ ఉంటే 1970లు లేదా ఆ తర్వాతది. ఏదో ఒక్క గుర్తును నమ్మి డబ్బు పెట్టవద్దు. పాత నమూనాలను సంస్థే ఈ గుర్తులన్నిటితో మళ్లీ కుట్టి అమ్ముతోంది కనుక, దారం అరుగుదల, రివెట్ వెనుక ముద్ర, లోపలి చీటీ కలిపి చూశాకే నిర్ణయానికి రావాలి.